రెండు ఫర్లాంగుల డ్రైవరు

వెయ్యిన్ని తొమ్మిదివందల ఇరవయ్యేడు నాటికి అనంతగిరి ఘాటు మీద మోటారు తోలడానికి సర్కారువారి లైసెన్సు గల మనుషులు, బొడ్డవర గేటు పుస్తకం ప్రకారం, ఒక్కరే. ఆయన పేరు బర్నబా. ఆయనకు ఘాటు మీద మోటారు తోలడం రాదు.

ఇందులో ఆయన మోసం గాని, సర్కారు పొరపాటు గాని లేవు. ఎవరి పని వారు సక్రమంగా చేసుకుపోతే ఇలాంటివి వాటంతటవే జరుగుతాయి.

బర్నబా మొదట డోలీ మోసేవాడు. బొడ్డవర నుంచి అనంతగిరికి పన్నెండు మైళ్ళు. వెదురు బొంగుకు వేలాడే ఉయ్యాలలాంటి ఆసనంలో ఏ తహశీల్దారో, మిషను దొరసానో కూర్చుంటే, ముందు కొండవాడైన సుక్రు, వెనక బర్నబా. వెనకవాడికి ఎదురుగా కనిపించేది డోలీ మీద కప్పిన గుడ్డ ఒక్కటే. అందుకని ముందువాడు దారిని కేకల్లో చెబుతాడు. "కుడి పల్లం" అంటాడు సుక్రు. "పల్లమే" అంటాడు బర్నబా. "తడి రాయి." "రాయే." విన్నట్టు గుర్తుగా వెనకవాడు ప్రతి కేకకూ బదులివ్వాలి, ఇవ్వకపోతే ముందువాడు ఆగిపోతాడు. ఇలా పదిహేనేళ్ళు ఎక్కి దిగినా బర్నబా ఆ ఘాటును కళ్ళారా చూసినవాడు కాడు. విన్నవాడు మాత్రమే.

తరువాత మిషను ఆసుపత్రి డాక్టరు దొర ఒక మోటారు కొని, తనను మోసిన భుజాల మీద గౌరవం కొద్దీ బర్నబాను దానికి క్లీనరుగా పెట్టుకున్నాడు. మైదానంలో తోలడం నేర్పి, లైసెన్సు పరీక్షకు విశాఖపట్నం పంపాడు. సముద్రపు ఒడ్డున, ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభం దాకా తోలమన్నారు. తోలాడు. ఆ పైన పరీక్షాధికారి మూడు ప్రశ్నలు వేశాడు.

"ఎదురుగా ఎద్దు వస్తే ఏం చేస్తావు?"

"ఆగుతానండి."

"గొర్రెల మంద వస్తే?"

"ఆగుతానండి."

"కలెక్టరుగారు వస్తే?"

"దిగుతానండి."

అధికారి సంతోషించి సంతకం పెట్టాడు. ఆ ఏడే డాక్టరు దొర జబ్బుచేసి స్వదేశం వెళ్ళిపోయాడు, మోటారు అమ్ముడుపోయింది. బర్నబాకు లైసెన్సు మిగిలింది. భార్య మగ్దలేనమ్మ దాన్ని రేకుపెట్టెలో పెళ్ళి పత్రం పైన పెట్టి, చూడవచ్చినవారికి చేతులు కడుక్కున్నాకే ఇచ్చేది.

ఇక మోటారు ఉండి లైసెన్సు లేనివాడి సంగతి. అనంతగిరి మీద కాఫీ తోట చూసుకోవడానికి డెన్మార్కు దేశం నుంచి హాన్సెన్ దొర వచ్చాడు. మన్యంలో పితూరీ తిరుగుబాటు అణగిన దగ్గర్నుంచి ఏజెన్సీలోకి పోయే ప్రతి బండినీ ఆపి చూడాలని ఉత్తర్వు. బొడ్డవర గేటు దగ్గర హెడ్డు కానిస్టేబులు వరహాలరావు మోటారు ఆపి లైసెన్సు అడిగాడు. దొర ఒక అట్టపుస్తకం ఇచ్చాడు. అందులో ఫొటో ఉంది, నాలుగు రంగుల ముద్రలున్నాయి, ఒక రాజుగారి కిరీటం ఉంది. అయితే అది మన రాజుగారి కిరీటం కాదు. తెల్లదొరల్లో మన రాజుగారి దొరలు, పరాయి రాజుల దొరలు అని రెండు తెగలున్నాయని వరహాలరావుకు ఆ రోజే తెలిసింది. తెలిసిన మీదట ఊరుకునే వీలు లేదు. శృంగవరపుకోట మేజిస్ట్రేటు రెండుసార్లు జరిమానా వేశాడు.

"ఇక్కడి లైసెన్సు ఒకటి తీసేసుకోండి, గొడవ పోతుంది" అని గుమాస్తాలు చెప్పి చూశారు. "ఎనిమిది ఏళ్ళు తోలాను. మళ్ళీ పరీక్ష అంటే మా రాజుకు అవమానం" అన్నాడు దొర. కలెక్టరుగారికి అర్జీ పెట్టుకున్నాడు. విషయం ఆలోచనలో ఉన్నదని జవాబు వచ్చింది. రెండేళ్ళు గడిచినా ఆలోచన పూర్తి కాలేదు.

ఈ దశలో బర్నబాకు కొలువు కుదిరింది. ఏర్పాటు చాలా సులువు. మోటారు దొరే తోలుతాడు. గేటుకు ఒక ఫర్లాంగు ఇవతల ఆపుతాడు. బర్నబా ముందుకొచ్చి చక్రం పట్టుకుంటాడు, దొర వెనక్కి వెళ్ళి జమీందారులా కూర్చుంటాడు. గేటు దగ్గర లైసెన్సు చూపించి, అవతల ఫర్లాంగు దూరంలో కల్వర్టు దాకా తోలి, బర్నబా దిగిపోతాడు. దొర మళ్ళీ చక్రం పట్టి కొండెక్కుతాడు. దిగివచ్చేటప్పుడు ఇదే తిరగేసి. ఆ రెండు ఫర్లాంగులూ బర్నబా ఎంత హుందాగా తోలేవాడంటే, దారిన పోయే చింతపండు కావిళ్ళవాళ్ళు కావిళ్ళు దింపి మరీ చూసేవారు. ప్రార్థనకు వెళితే ముందు బల్ల మీద చోటిచ్చేవారు.

వరహాలరావుకు ఇదంతా తెలుసు. గేటు ఇవతల జరిగేదీ అవతల జరిగేదీ ఉత్తర్వులో లేదు గనుక, గేటు దగ్గర జరిగేదాన్ని మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునేవాడు: మోటారు ఒకటి, డ్రైవరు బర్నబా, లైసెన్సు ఉన్నది.

రెండేళ్ళపాటు చట్టానికి ఏ లోటూ రాలేదు. ఆ తరువాత సబ్ ఇనస్పెక్టరు సర్వేశ్వరరావు బదిలీ మీద వచ్చాడు. లంచం ముట్టడు, అబద్ధం ఆడడు, నవ్వడు. ఒక శనివారం సైకిలు మీద గేటు తనిఖీకి వచ్చి, అవతలి రోడ్డు కూడా చూడబోయి, గొలుసు ఊడితే సరిచేసుకుంటూ సరిగ్గా ఆ కల్వర్టు మీదే కూర్చున్నాడు. మోటారు వచ్చింది, ఆగింది. దొర ముందుకు, బర్నబా కిందికి. చేతుల మరక రుమాలుకు తుడుచుకుంటూ సర్వేశ్వరరావు లేచి నిలబడ్డాడు.

దొరగారి పుస్తకం చూశాడు. బర్నబా లైసెన్సు చూశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"తోలేవాడికి లైసెన్సు లేదు. లైసెన్సు ఉన్నవాడు తోలడు. నీకు ఘాటు మీద తోలడం వచ్చునా?"

"ఎప్పుడూ తోల్నేదు బాబూ."

"రాదని చెబుతున్నావా?"

"రాదని ఎలా సెప్పగల్నండి? తోల్తేనే కదా తెలిసీది."

ఈ జవాబులో సర్వేశ్వరరావుకు తప్పు దొరకలేదు. "సోమవారం పొద్దున్న ఆరు గంటలకు నేను ఈ మోటారులో కూర్చుంటాను. అనంతగిరి దాకా నువ్వే తోలాలి. తోలలేకపోతే నీ లైసెన్సు రద్దు, దొరగారి మోటారు స్టేషనుకు" అన్నాడు.

ఆ సాయంత్రం బర్నబా అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. లైసెన్సు పోతే మళ్ళీ డోలీయే. నలభై దాటిన భుజం అందుకు ఒప్పుకోదు.

"పదేనేళ్ళు ఎక్కినోడివి. ఇప్పుడు కూకుని ఎక్కలేవేటి?" అంది మగ్దలేనమ్మ.

"అప్పుడు నాకు లోయ అగుపించీదా? గుడ్డ అగుపించీది. డాక్టరు దొర పక్కన ఆ అద్దంలోంచి సూసినాను, మలుపు కాడ భూమి ఉండదే. ఒట్టి ఆకాశం."

"మరి గుడ్డెనక ఎలా నడిసేవు?"

"సుక్రు కేకేసీవాడు."

"అయితే ఆ సుక్రునే కేకెయ్యమను. ఆడేటి సచ్చిపోయాడా? నిన్న సంతలో నాకు అల్లం అమ్మాడు."

బర్నబా ముద్ద ఎత్తాడు.

సోమవారం ఆరు గంటలకు గేటు దగ్గర మోటారు సిద్ధంగా ఉంది. వెనక సీట్లో హాన్సెన్ దొర, ఆయన పక్కన గేటు పుస్తకంతో వరహాలరావు, ముందు బర్నబా పక్కన సర్వేశ్వరరావు. మోటారు ముందు, భుజాన గొంగళితో, నోట్లో అడ్డపొగ చుట్టతో, సుక్రు.

"అతనెవరు?"

"ముందు మనిషండి."

"మోటారుకు ముందు మనిషి ఉండాలని చట్టంలో ఎక్కడుంది?"

"ఉండకూడదని ఉందేటి బాబూ?"

సర్వేశ్వరరావు నిబంధనల పుస్తకం తీశాడు. మోటారు ముందు ఎవరూ నడవరాదని అందులో లేదు. నడిచేవాడిని గుద్దరాదని మాత్రం ఉంది. పుస్తకం మూసి, పోనిమ్మని చెయ్యి ఊపాడు.

మోటారు మనిషి నడక వేగంతో కదిలింది. మొదటి మలుపు దగ్గర బర్నబా కళ్ళు అద్దం మీంచి తప్పించి సుక్రు గొంగళి మీద పెట్టుకున్నాడు. డోలీ గుడ్డ అంత వెడల్పు లేకపోయినా సర్దుకోవచ్చు.

"ఎడమ తిప్పు" అని కేక.

"తిప్పే" అన్నాడు బర్నబా. చక్రం తిరిగింది.

"కుడి పల్లం."

"పల్లమే."

మైలుకోసారి సుక్రు చెయ్యెత్తి ఆగేవాడు. పూర్వం డోలీ దింపి భుజం మార్చుకునే చోట్లు అవి. ప్రతి చోటా ఒక ఊట ఉంటుంది. బర్నబా మోటారు ఆపి దానికి నీళ్ళు పోసేవాడు. హాన్సెన్ దొర తోలినప్పుడు ఏడో మైలు దగ్గర తప్పకుండా పొగలు కక్కి పడుకునే ఆ మోటారు, ఆ రోజు ఒక్కసారి కూడా దగ్గలేదు. దొర దీన్ని గమనించి డైరీలో ఏదో రాసుకున్నాడు. కాసేపటికి ఆయనకు కూడా పాట పట్టుబడింది. "గతుకు" అంటే బర్నబాతో పాటు తన యాసలో "గాటుకే" అనసాగాడు. వరహాలరావు ఉద్యోగ ధర్మం ఆలోచించి మొదట ఊరుకున్నాడు గాని, తొమ్మిదో మైలు దగ్గర తానూ కలిశాడు.

పదో మైలు దగ్గర ఊట నీరు దారికడ్డంగా పారుతోంది. అక్కడ మోటారు చక్రాలు తిరిగాయి గాని బండి ముందుకు పోలేదు. పైగా జానెడు వెనక్కి జారింది. వెనక వైపు సర్వేశ్వరరావు చూడకుండా ఉండవలసింది. చూశాడు. అక్కడ రోడ్డు కాకుండా, చాలా కింద, ఎవరిదో వలిసె చేను పచ్చగా కనిపించింది.

"తడి రాయి, కుడి తొక్కు" అని సుక్రు కేక.

"రాయే" అని అందరికన్నా ముందు అన్నవాడు సర్వేశ్వరరావు. తరువాత ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. చక్రం కుడికి తిరిగి, టైరుకు గట్టి నేల దొరికి, మోటారు గట్టెక్కింది.

పదకొండున్నరకు అనంతగిరి చేరారు. సర్వేశ్వరరావు తోట బంగళా వరండాలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, లైసెన్సు వెనక ఎర్రసిరాతో ఇంగ్లీషులో రాసి, చదివి వినిపించి, తెలుగులో అర్థం చెప్పాడు: "అనంతగిరి ఘాటు ఎక్కుటకు ఇతడు సమర్థుడని స్వయముగా పరీక్షించి తెలిసికొంటిని."

బర్నబా చేతులు కట్టుకుని విన్నాడు. "ఎక్కుటకేనాండి?"

"నేను చూసింది ఎక్కడమే గదా. చూడనిదాన్ని ఎలా రాస్తాను? దిగడం ఇంకో రోజు చూద్దాం. ఇప్పుడు బయలుదేరు, నాకు శృంగవరపుకోటలో పని ఉంది."

"మరి దిగడానికి నాకు లైసెన్సు నేదు కదండి."

సర్వేశ్వరరావు లైసెన్సు తిప్పి తిప్పి చూశాడు. దొరను తోలమనడానికి వీల్లేదు, ఆయనకు ఎక్కడానికి కూడా లైసెన్సు లేదు. ఎర్రసిరాను కొట్టివేస్తే అబద్ధం రాసినట్టవుతుంది.

"అయితే దిగడం కూడా ఇప్పుడే పరీక్షిస్తాను" అన్నాడు సర్వేశ్వరరావు.

"మంచిది బాబూ, ఎక్కండి."

సర్వేశ్వరరావు మోటారు దాకా వచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టాడు. రోడ్డు వైపు చూశాడు. పదో మైలు ఇప్పుడు రెండో మైలు అవుతుందని ఆయనకు తట్టినట్టుంది. కాలు తీసి కింద పెట్టాడు.

"దిగే వాహనాన్ని వెనక నుంచి చూస్తేనే తప్పొప్పులు తెలుస్తాయి" అన్నాడు. "నేను నడుస్తాను. హెడ్డూ, నువ్వు కూడా దిగు."

వరహాలరావు దిగాడు. సుక్రు మోటారుకు ఇరవై గజాలు ముందు నిలబడి ఒకసారి వెనక్కి తిరిగాడు.

"బావా, ఇది ఆగుతాదా?"

"ఆగుతాది."

"ఆగకపోతే?"

"నాకంటే బేగి నీకే తెలుస్తాది. నడు."

ముందు సుక్రు, వెనక మోటారు, దాని వెనక సర్కారు. మొదటి మూడు మైళ్ళు సర్వేశ్వరరావు ప్రతి మలుపు దగ్గరా కాగితం మీద టిక్కు పెట్టాడు. నాలుగో మైలుకు కాగితం జేబులో పెట్టాడు. ఆరో మైలుకు బూట్లు విప్పి మేజోళ్ళతో నడిచాడు. ఆ తరువాత మోటారుకు ఆయన కనిపించలేదు. కేకలు మాత్రం పైకి వినిపిస్తూ ఉన్నాయి, వాటిని బట్టే ఆయన అడుగులు వేశాడని వరహాలరావు చెబుతాడు.

మోటారు అయిదు గంటలకు గేటు చేరింది. లైసెన్సు సర్వేశ్వరరావు జేబులో ఉండడం వల్ల బర్నబా గేటు దాటలేదు. కొండ వైపే ఆపి, దిగి, నిలబడి ఉన్నాడు. ఆరు గంటలకు సర్కారు వచ్చింది. సర్వేశ్వరరావు లైసెన్సు తీసి, గేటు స్తంభానికి ఆనించి, "ఎక్కుటకు" పక్కన "దిగుటకును" చేర్చి, సంతకం, తేదీ వేసి ఇచ్చాడు.

"కోట దాకా దింపమంటారా బాబూ?"

"వద్దు. సైకిలుంది."

గేటు లేచింది. బర్నబా లైసెన్సు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, చక్రం ముందు కూర్చుని, గేటు దాటించి, రోజూ ఆపే ఫర్లాంగు కూడా దాటించాడు. హాన్సెన్ దొర వెనక నుంచి భుజం మీద తట్టాడు.

"బర్నబా, ఆపు. ఇక నేను."

"తవరికి లైసెన్సు నేదు కదండి" అన్నాడు బర్నబా, ఎంతో వినయంగా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.