ఆరో పేరు కోసం బెంగళూరు దండుకు

తల్లి గర్భంలోనే మనలను ఎరిగినవాడు, ఏ సముద్రపు ఒడ్డున మన ఊపిరి ఆగినా అక్కడ కూడా ఉండేవాడు, రాజుల ముఖం చూసి తీర్పు మార్చనివాడు అయిన దేవునికి మహిమ కలుగును గాక. ఆయన మంచివాడు. ఈ మాట వ్రాయడానికి ఈసారి నాకు మూడు రోజులు పట్టింది. అయినా వ్రాస్తున్నాను, ఆయన మంచివాడు.

మాది పెనుకొండ దగ్గర చిన్న సంఘం. నేను అక్కడి బడిలో అయ్యవారిని, ఆదివారాల్లో వాక్యం చెప్పేవాడిని. మా మందిరంలో వేదిక పక్కన ఒక నల్లపలక ఉంది. యుద్ధం మొదలైన రెండో ఏట, సైన్యంలో చేరిన మా పిల్లల పేర్లు ఆరు దాని మీద వ్రాశాను. ప్రతి ఆదివారం ఆ పేర్లు చదువుతాను, సంఘమంతా లేచి నిలబడి ప్రార్థిస్తుంది. పేర్లయ్యాక నేను ఒక మాట తప్పకుండా చేర్చేవాడిని: "మన విమానాల గురి తప్పనివ్వకు ప్రభువా." అందరూ ఆమెన్ అనేవారు.

ఎవరైనా చనిపోయినట్టు కబురు రూఢి అయితే ఆ పేరు తుడిచివేస్తాం. పోయినవాడు దేవుని చేతిలో ఉన్నాడు, వాని కోసం ఇక అడగవలసింది లేదని మా బోధ. మూడేళ్ళ కిందట, ఆ ఆరుగురిలో ఒకడు పోయినప్పుడు, వాని ముసలి తండ్రి "ఇంకొక్క వారం ఉంచు అయ్యవారూ" అని బతిమాలాడు. నేను తుడిచాను. నియమం అందరికీ ఒకటే అన్నాను.

యుద్ధం ముగిసింది. నలుగురు తిరిగి వచ్చారు. వాళ్ళ పేర్లు స్తుతి చెప్పి తుడిచాం. పలక మీద మిగిలింది ఆరో పేరు ఒక్కటే, దానియేలు. సింగపూరు పడిపోయినప్పుడు వాడు కనబడకుండా పోయాడని ఒక కాగితం వచ్చింది. ఆ తరువాత ఏమీ రాలేదు. వాని తల్లి సుగుణమ్మ విధవరాలు, మా బడి పిల్లలకు సంగటి వండుతుంది. జపానువారి చెరలో ఉండినవారిని ఓడల్లో తెచ్చి బెంగళూరు దండులో, అంటే అక్కడి కంటోన్మెంటులో, దింపుతున్నారని సంతలో విన్నది. ఆ సాయంత్రమే బడి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నన్ను పిలుచుకొని పోండి అయ్యవారూ. నాకు ఆ ఆఫీసులోళ్ళతో మాట్లాడను రాదు."

క్రిస్మసుకు మూడు వారాల ముందు, ఒక మంగళవారం ఉదయం ఆరున్నరకు పెనుకొండ స్టేషన్‌లో నిలబడ్డాం. మూడో తరగతి టిక్కెట్టు సులభంగానే దొరికింది. బండి మాత్రం గంట ఆలస్యం. సుగుణమ్మ చేతిలో గుడ్డసంచి ఉంది. అందులో చెనక్కాయల ఉంటలు, కొడుకు కోసం వేరుశనగలు బెల్లం కలిపి చేసినవి.

"అయ్యవారూ, వాడు లేడని తెలిస్తే పేరు తుడిచేస్తారు కదా?"

"ముందు వెళ్ళి కనుక్కుందాం."

"తుడిచేస్తారా, లేదా?"

"తుడవాలి సుగుణమ్మా."

బండి రాగానే ఆమె సంచి ఎత్తుకొని ఎక్కింది. నిజం తెలిస్తే కొడుకు రెండుసార్లు పోతాడు, ఒకసారి లోకంలోంచి, ఒకసారి పలక మీదనుంచి. అది తెలిసే బయలుదేరింది. ఆ ధైర్యం ఆ రోజు నాకు అర్థం కాలేదు.

ఈ దారిన వెళ్ళేవారు నీళ్ళచెంబు తప్పక తీసుకోండి. హిందూపురంలో తప్ప మంచినీళ్ళు నమ్మకంగా దొరకవు. రైలు పెట్టెలు తక్కువ, జనం ఎక్కువ. సైన్యం నుంచి విడుదలైన కుర్రవాళ్ళు ఇనుప పెట్టెల మీదే కూర్చుని ప్రయాణం చేస్తున్నారు. తొమ్మిది గంటలకు హిందూపురంలో బెంగళూరు పేటకు చెందిన ఒక బట్టల వ్యాపారి ఎక్కాడు. బెల్లం మండీలో బంధువులను చూసి వస్తున్నాడట. చేతిలో పత్రిక ఉంది, నోట్లో వక్కాకు ఉంది, రెండింటినీ ఆపకుండా నడిపాడు.

"చూసినారా అయ్యవారూ, ఢిల్లీ కోటలో మన ఆఫీసర్లను నిలబెట్టి విచారణ చేస్తాండారు. జపానోళ్ళ పక్కన చేరినారంట! దేశం కోసం చేరినారప్పా, అదేమి తప్పు?"

నేను ఊరుకోలేదు. ఊరుకోవడం నాకు అలవాటు లేదు. ప్రమాణం చేసి ఒక జెండా కింద నిలబడినవాడు, చెరలో పడినంత మాత్రాన ఇంకొక జెండా కిందికి వెళ్ళకూడదని చెప్పాను. అధికారాన్ని నియమించేది దేవుడు, దాన్ని దించేది కూడా ఆయనే, మనకు ఓర్పు ఉండాలి అన్నాను. స్వరాజ్యం నాకూ కావాలి. జైళ్ళలో మగ్గి వచ్చిన మన నాయకుల మీద నాకు గౌరవం ఉంది. కానీ చైనాలో జపాను చేసిన పని చదివినవాడెవడూ వాళ్ళ ఓడలో స్వరాజ్యం వస్తుందని నమ్మడని వాదించాను.

వ్యాపారి నవ్వాడు. "మీ దేవుడూ దొరల దేవుడూ ఒకడే కదప్పా. మీరు ఆ పక్కనే మాట్లాడతారు, ఇంకేమంటారు!"

పెట్టెలో అందరూ నవ్వారు. పై బల్ల మీద పడుకున్న ఒక రైతు తల వంచి, "ఎవురు గెలిస్తే ఏమప్పా, కిరసనాయిలు వచ్చిందా? సుమ్మనే, ఉత్త గలాటా" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. సుగుణమ్మ నవ్వలేదు. నా మాటలన్నీ విన్నది. ఆ మాటలు ఆమెకు కొత్తవి కావు. వేదిక మీద నేను ఏళ్ళ తరబడి చెప్పినవే.

గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం దాటి, యశ్వంతపురం చేరే ముందు ముళ్ళకంచె వెనక గుడారాలు కనిపించాయి. తెల్లని మనుషులు తీగల మీద బట్టలు ఆరేసుకుంటున్నారు.

"వీళ్ళెవురు?" అంది సుగుణమ్మ.

"ఇటలీవాళ్ళు. యుద్ధంలో పట్టుకొచ్చారు."

"యుద్ధం అయిపోయె కదా, ఇంకా ఇంటికి పంపలేదా? వీళ్ళమ్మలకు చెప్పినారా, బతికుండారని?"

నాకు తెలియదన్నాను. కంచె కనుమరుగయ్యే వరకు ఆమె మెడ తిప్పి చూస్తూనే ఉంది.

ఒంటిగంటకు బెంగళూరు సిటీ స్టేషన్ చేరాం. బయట జట్కాలు చాలా ఉన్నాయి. దండు అంటే ఎక్కువ అడుగుతారు, హలసూరు అని ఊరిపేరు చెప్పండి. పేట ఇరుకు దాటి దండులోకి రాగానే వీధులు వెడల్పు, చెట్లనీడ, లారీల దుమ్ము. హలసూరులో తెలుగు సంఘంవారి మందిరం వెనక ఒక గది ఇచ్చారు. సుగుణమ్మను కావలివాని భార్య తన ఇంట్లో ఉంచుకొంది. బియ్యం కూపన్ల మీద గనుక రాత్రికి సంగటి, ఉలవచారు పెట్టారు. ప్రేమగా పెట్టారు. ఆమె రెండు ముద్దలు తిని చెయ్యి కడిగింది.

బుధవారం ఉదయం తొమ్మిదింటికి సైనికుల కాగితాలు చూసే ఆఫీసు ముందు బల్ల మీద కూర్చున్నాం. మాలాంటివాళ్ళు చాలామంది. పదకొండున్నరకు పిలుపు వచ్చింది. గుమస్తా మర్యాదస్థుడు. లావుపాటి పుస్తకంలో వేలు పెట్టి వెదికి, "కనబడలేదు అనే ఉంది, మార్పు లేదు" అన్నాడు. సుగుణమ్మ ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. మార్పు లేదంటే పేరు ఉంటుంది. అంతలో ఆయనే, "జపానువాళ్ళు ఖైదీలను తోలిన దీవులనుంచి వచ్చినవాళ్ళు కొందరు ఆసుపత్రిలో ఉన్నారు. అడిగి చూడండి" అన్నాడు.

నేను ఆమె వైపు చూశాను. "ఇంతటితో తిరిగి వెళ్దామా?" అని అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగా లేదు.

"వచ్చింది అడగనుకే కదా" అని ఆమె ముందుగా నడిచింది.

ఆసుపత్రిలో రెండో వరండా చివర మంచం మీద మునిస్వామి అనే సిపాయి ఉన్నాడు. కోలారు వైపు తెలుగువాడు. వయసు ముప్పై ఉండవచ్చు, మెడ ఎముకలు మాత్రం ముసలివాడివి. పేరు చెప్పగానే లేచి కూర్చున్నాడు.

"పెనుకొండ దానియేలా? పాటలు పాడేటోడు?"

సుగుణమ్మ మంచం పట్టె పట్టుకొంది. "నేను వాళ్ళమ్మను నాయనా."

అతడు ఆమె పాదాల వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు.

"సింగపూరులో మమ్మల్నందరినీ మైదానంలో కూర్చోబెట్టినారమ్మా. కొత్త సైన్యంలో చేరండి, స్వతంత్రం తెస్తాము అన్నారు. శానామంది చేరినారు. నేను భయపడి చేరలే. మీవాడు భయపడి కాదు. 'మా అయ్యవారు తలమీద చెయ్యిపెట్టి ప్రమాణం చేయించినాడు, అది తప్పేదానికి నాకు చేత కాదు' అన్నాడు. అదే మాట పట్టుకొని ఉండిపోయె. చేరనోళ్ళను ఓడలో కుక్కి దీవులకు తోలినారు. విమానాలు దిగను నేల చదును చేసే పని. ఆకులు ఉడకేసుకొని తింటాంటిమి."

ఆ అయ్యవారిని నేనేనని అతనికి తెలియదు. సుగుణమ్మ చెప్పలేదు. నేను కూడా అప్పుడు చెప్పలేకపోయాను.

"జపానోళ్ళు కొట్టి చంపినారా నాయనా?"

మునిస్వామి తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. మన విమానాలు. పైనుంచి వాళ్ళకేమి తెలుస్తాది? కింద పారతో కనబడితే జపానోడే. మధ్యాన్నం గంజి తాగే పొద్దు. నేను గుంతలో పడితి, వాడు పడలే. నేనే పూడ్చినాను. వాడు నేర్పించిన పాట నాకు సగమే వస్తాది. ఆ సగం పాడినాను."

గురి తప్పలేదు. నేను అడిగినట్టే ఆ మధ్యాహ్నం గురి తప్పలేదు. ఆ మాట నా లోపల పడిన చోటు ఇంకా మానలేదు.

సుగుణమ్మ ఏడవలేదు. సంచి విప్పి ఉంటలు అతని ఒడిలో పెట్టింది. అతడు రెండు గబగబా తిని, మిగిలినవి దిండు కింద దాచి, అంతలోనే సిగ్గుపడ్డాడు. "అలవాటైపోయిందమ్మా. ఎవురూ లాక్కోరని తెలుసు, అయినా చెయ్యి ఆగదు."

"దాచుకో నాయనా" అని ఆమె దిండు సరిచేసింది. వెళ్ళబోయేముందు, ఆ సగం పాట పాడమని అడిగింది. అతడు పాడాడు. మిగతా సగం ఆమె పాడింది. పక్క మంచాలవాళ్ళు ఊరకే విన్నారు. వరండా మెట్లు దిగాక గోడకు ఆనుకొని అప్పుడు ఏడ్చింది. నేను ఓదార్చబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

గురువారం ఉదయం ఏడు గంటల బండికి తిరుగుప్రయాణం. కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురు బల్లవాళ్ళు దొరలు ఎప్పుడు పోతారని, దేశాన్ని రెండు ముక్కలు చేస్తారా అని మాట్లాడుకుంటున్నారు. నన్ను కూడా అడిగారు. తెలియదన్నాను. ఇరవై ఏళ్ళుగా ఏ రాజు మంచివాడో ఏ యుద్ధం న్యాయమో జనానికి చెబుతూ వచ్చినవాణ్ణి. ప్రమాణం తప్పకూడదని ఇప్పటికీ నమ్ముతాను. ఆ చేరినవారిలో కూడా ఎందరో పోయారని మునిస్వామే చెప్పాడు; దానియేలు అటు వెళ్ళి ఉంటే బ్రతికేవాడని నేను చెప్పలేను. కానీ నమ్మకం నాది, ప్రాణం వాడిది. పద్దెనిమిదేళ్ళ పిల్లవాని తల మీద చెయ్యి పెట్టేముందు నేను ఎంతసేపు మోకరించాను? గుర్తు లేదు. గుర్తు లేదంటే ఎక్కువసేపు కాదన్నమాట. జపాను పట్టణాలు రెండు కాలిపోయిన వారం నేను సంఘంచేత కృతజ్ఞతాస్తుతి చేయించాను. శత్రువును ప్రేమించమన్న ప్రభువు ఆ రోజు మా మందిరంలో ఏ మూల నిలబడ్డాడో!

దొడ్డబళ్ళాపురం దాటాక, "సుగుణమ్మా, తప్పు నాది" అన్నాను.

ఆమె బయటకు చూస్తూనే, "మీదీ ఉండాది. అంతా మీదే అంటే మీకు సుళువైతాది అయ్యవారూ. ఆ ప్రార్థనకు నేను కూడా ఆమెన్ అన్నా, ప్రతి వారమూ" అంది.

గౌరిబిదనూరులో బండి చాలాసేపు ఆగింది. నేను కాఫీ తెచ్చి ఇచ్చాను. తాగలేదు, చల్లారేదాకా పట్టుకొని కూర్చుంది. బండి కదిలాక అంది:

"ఆదివారం పేరు తుడిచేయండి."

"ఇంకొక్క వారం ఉంచుతాను."

"ఆ ముసిలాయనకు ఇయ్యని వారం నాకెందుకు? తుడవండి. చోటు మాత్రం ఖాళీగా పెట్టొద్దండి."

"ఎవరి పేరు వ్రాయమంటావు?"

"ఆ విమానం తోలినోడిది. పేరు తెలీదు మనకు. ఎవుర్ని కొట్టినాడో వానికీ తెలీదు. పేరు తెలీనోడు అనే రాయండి. నేను వాని కోసం అడగలేను అయ్యవారూ. నోరు రాదు. మీరందరూ అడగండి. నాకు నోరు వచ్చేదాకా నేను ఊరికే లేచి నిలబడతా."

పన్నెండున్నరకు పెనుకొండలో దిగాం. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకొని ఆమె నేరుగా బడి వైపు నడిచింది. పిల్లల సంగటికి ఎసరు పెట్టాలి. ఆదివారం నేను దానియేలు పేరు తుడిచాను. తడిగుడ్డ ఆ చోట చాలాసేపు ఆగింది. తరువాత ఆమె చెప్పినట్టే వ్రాశాను. విమానాల మాట ఇక ఎత్తలేదు.

ఇది చదివిన సహోదర సహోదరీలారా, మీరు ఏ నాయకుణ్ణి నమ్మినా, ఏ దేశం గెలవాలని కోరినా, ఒక్క నిమిషం లేచి నిలబడండి. ఎక్కడో తన ఇంట్లో ఉన్న, పేరు తెలియని ఆ మనిషి కోసం నాతో కలిసి ప్రార్థించండి. సుగుణమ్మ కూడా మీతో లేచి నిలబడి ఉంటుంది. ఆమె నోరు ఇంకా తెరవలేదు.