తలపాగా చుట్టే వరుస

మా ముత్తాతకు ఇంగ్లీషు దొరలు బిరుదు ఇచ్చారు, తరతరానికీ పెద్ద కొడుక్కే చెందేలా. వాళ్ల దండుకు ఎడ్లబండ్లు తోలించినందుకట. తాత దాన్ని కోర్టు కాగితాల మీద రాసి రాసి భూములు పోగొట్టుకున్నాడు. నాయన రేషను కార్డులో కూడా రాయించబోయాడు. నాలుగోవాణ్ని నేను, ధర్మవరంలో గుమాస్తాగా రిటైరయ్యాను. బిరుదుకు ఇప్పుడు చట్టంలో విలువ లేదు. పెనుకొండ దగ్గర మా ఊరి జాతరలో మొదటి తాంబూలం మాత్రం ఇంకా దానికే.

తలపాగా లేకుండా తాంబూలం ఇవ్వరు. దాన్ని ఎవరికి వారు చుట్టుకోకూడదు. తర్వాత బిరుదు ఎవరిదో అతనే చుట్టాలి. నాకు కూతురే. బిరుదు రాసిచ్చిన సన్నదులో ఆడపిల్లల మాట లేదు. అందువల్ల వరుస మా చిన్నాయన కొడుకుది. హిందూపురంలో టైర్ల షాపు పెట్టుకున్నాడు. ఇంటి గోడ తగాదాతో ఆరేళ్లుగా మాటల్లేవు. నేను జాతరకు పోనూ లేదు. ఈసారీ రాకపోతే తాంబూలం సర్పంచికేనని ఊరి పెద్దలు కబురు పంపారు.

జాతర పొద్దున తలపాగా పట్టుగుడ్డను సంచిలో పెట్టుకొని, పెనుకొండ దాటి హిందూపురంలో దిగాను.

షాపు ముందు లారీ టైరు విప్పుతున్న తమ్ముడు తల ఎత్తాడు. "ఏమన్నా, దోవ తప్పినావా?"

"ఈ పొద్దు జాతర. తలపాగా చుట్టాల."

"బాగుండావా అని అయినా అడగవా?"

నిజమే, అడగలేదు. "బాగుండావా?" అన్నాను.

"ఉండా లే. చుడతా గానీ, నీ తర్వాత ఆ బిరుదు నాకొద్దన్నా. నా కొడుక్కు అసలే వద్దు. నీతోనే పోనీ."

కోపం రావాలి. రాలేదు. స్టూలు మీద కూర్చున్నాను. అతను చేతులు తుడుచుకొని చుట్టసాగాడు.

"ఏమప్పా, పెండ్లికొడుకా?" అన్నాడు లారీ డ్రైవరు.

"మా అన్న," అన్నాడు అతను.

విప్పితే మళ్లీ చుట్టేవాళ్లు లేరు. పెనుకొండ దాకా బస్సులో సీటుకు ఆనుకోకుండా, గుంత వచ్చినప్పుడల్లా తల పట్టుకొని కూర్చున్నాను.

మొదటి తాంబూలం నాకే ఇచ్చారు. రెండు చేతులా తీసుకున్నాను.

"వచ్చే ఏటి నుంచి సర్పంచికే ఇయ్యండప్పా," అన్నాను. ఎవరూ వద్దనలేదు. ఒక్కరైనా అంటారనుకున్నాను.

ధర్మవరం బస్సెక్కి తలపాగా నేనే విప్పాను. మడత మీద తమ్ముడి వేళ్ల గ్రీజు ఉంది. సీటుకు వెనక్కి ఆనుకున్నాను.