మీటరు కోసం పెట్టిన పొయ్యి

శంషాబాద్‌లో మా ఇంటి మీదుగా విమానాలు ఎంత కిందుగా పోతాయంటే, కిటికీ పక్కన కూర్చున్నవాడు మా తొక్కు జాడీలో నూనె తేలిందో లేదో చూసి చెప్పగలడు. ఆ ఇంట్లో కింద మేము నలుగురం, మీద తమ్ముడి కుటుంబం నలుగురు. వంట మాత్రం కిందే, ఒకే పొయ్యి మీద. ఎనిమిది మందిమి కూర్చుంటే కంచాల చప్పుడులో విమానాలు వినిపించేవి కావు.

మీటరు కూడా ఒకటే. నెలకు రెండు వందల యూనిట్లు దాటకపోతే బిల్లు సున్నా అని సర్కారు చెప్పిన నాటి నుంచి ఇంటికి పెద్ద ఆ మీటరే. ఒక్క యూనిట్ దాటినా మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది.

కరెంటు ఆదా చేసే ఉపాయాలు లోకంలో ఎన్ని ఉన్నాయో అన్నీ చేశాం. పాత బల్బులు పీకి ఎల్‌ఈడీలు పెట్టాం. వెనక గాలి ఆడాలని ఫ్రిజ్‌ను గోడకు జానెడు దూరం జరిపాం. దాన్ని తెరిచే ముందు ఏం కావాలో బయటే తీర్మానించుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపున తీసి మూయాలి. పెరుగనుకుని ఇడ్లీ పిండి తీసినవాడు ఆ పూట అన్నంలో ఇడ్లీ పిండే కలుపుకోవాలి. రెండోసారి తెరవడమనేది లేదు. గీజర్ మానేసి బకెట్లు డాబా మీద ఎండకు పెట్టాం, మధ్యాహ్నానికి వాటిలో గుడ్లు ఉడికేవి. వారం బట్టలన్నీ ఆదివారం ఒక్కసారే ఇస్త్రీ. ఆ కుప్ప ఎక్కితే రాజేంద్రనగర్ కనిపించేది.

అయినా ఎండలు ముదిరేసరికి ఎనిమిది మంది ఫ్యాన్లకు, కూలర్‌కు, నీళ్ల మోటరుకు మీటరు హద్దు దాటి పోయేది.

అప్పుడు పుట్టింది ఆ ఆలోచన. నాదని తమ్ముడంటాడు, తమ్ముడిదని నేనంటాను. రెండు కాపురాలని రాయించుకుంటే రెండు మీటర్లు, రెండు సున్నాలు.

"కాయితం మీదనే కదనే అన్నా వేరువడేది. మనమేమన్న కొట్లాడుకున్నమా?" అన్నాడు తమ్ముడు.

"కొట్లాట లేకుంట వేరువడితె ఊరోళ్లు నమ్ముతరారా? జర నన్ను తిట్టన్న తిట్టు," అన్నాను. ఇల్లంతా నవ్వింది.

రేషన్ కార్డు విడిపోయింది. మీటరు రావాలంటే మీద విడిగా పొయ్యి కనబడాలన్నారు. చూసి పోవడానికి కరెంటాయన వస్తాడు. మూలగదిలో ఒక బండ వేయించి గ్యాసు పొయ్యి పెట్టాం. ఉత్త పొయ్యి చూసి నమ్మడేమోనని మరదలు దాని మీద పప్పు వండింది. ఎండుమిరపకాయల పోపు ఘాటుకు రన్‌వే మీద పైలట్ కూడా తుమ్మి ఉంటాడు. కరెంటాయన గుమ్మంలో నిలబడి ముక్కుతోనే తనిఖీ పూర్తి చేశాడు.

"చూస్తిరి కద సార్, వంట వేరే," అన్నాడు తమ్ముడు.

"చూసుడెందుకయ్యా, దగ్గుతున్న కద!" అంటూ రాసుకుని పోయాడాయన.

పప్పు పారేయడమెందుకని ఆ పూట అందరం మీదే తిన్నాం. మరదలు కిటికీ దగ్గర నిలబడి నా భార్యతో అంది: "అక్కా, ఈడ గాలి మంచిగ ఆడుతుంది. పొద్దుగాల చాయ్ ఈడనే పెట్టుకుంట."

"పెట్టుకో చెల్లె, నాకు జర పని తప్పుతది."

చాయ్ మీదికి పోయింది. చాయ్ వెంట టిఫిన్ పోయింది. టిఫిన్ వెంట మధ్యాహ్నం అన్నం పోయింది. రాత్రి భోజనం ఒక్కటే కింద మిగిలింది.

మీద కొత్త మీటరు బిగించారు. నీళ్ల మోటరు వైరు కింది మీటరుది, ట్యాంకు ఇద్దరిదీ. మే నెలలో నా మీటరు హద్దుకు దగ్గరపడింది. మీదికి వెళ్లి, "తమ్మీ, ఈ నెల మోటరు నీ లైన్ మీద వెయ్యరాదు," అన్నాను.

"నాది గూడ అంచుకొచ్చిందన్నా. ఫ్రిజ్ కొంటిమి కద."

"కింద ఉన్నది ఫ్రిజ్ కాదా, మళ్ల గిదేంది?"

మరదలు లోపలి నుంచి అంది: "కింది ఫ్రిజ్ తెరవాలంటే బావ మొకం జూడాలె."

నేను నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు.

ఆ తర్వాత మా కూలర్ ముందు తమ్ముడి పిల్లలు కూర్చుంటే నాకు వాళ్ల ముఖాలకు బదులు యూనిట్లు కనిపించేవి. మా పిల్లలు మీద టీవీ చూస్తుంటే తమ్ముడికీ అవే కనిపించి ఉంటాయి. రావద్దని ఇద్దరమూ అనలేదు. వాళ్లే మానేశారు.

"కింద గదిల ఉడికిపోతున్నమన్నా, ఈ నెలాఖరు దాక రాత్రి గూడ మీదనే తింటం," అన్నాడు తమ్ముడు. ఆ నెలాఖరు ఇంకా రాలేదు.

బిల్లులు మాత్రం వచ్చాయి. రెండూ సున్నాలే. మెట్ల దగ్గర నిలబడి ఒకరి కాగితం ఒకరం చూసుకున్నాం, పరీక్ష పాసైన పిల్లల్లా. తర్వాత వాడు మెట్లెక్కాడు, నేను లోపలికి వచ్చాను.

మొన్న ఆదివారం మరదలు స్టీలు గిన్నెలో మూతపెట్టి తలకాయ కూర పంపింది. బాగుంది. తిన్నాక నా భార్య గిన్నె కడిగి, తుడిచి, చేతిలో పట్టుకుని వంటింట్లో అటూ ఇటూ చూస్తోంది.

"పంపరాదు, ఏం దేవులాడుతున్నవ్?" అన్నాను.

"ఒకరింటి గిన్నె ఖాళీగ ఎట్ల పంపుత?" అంది.

రెండు పిడికిళ్ల చక్కెర పోసి, మూత పెట్టి, మెట్లెక్కింది.