కారు దిగని మేనత్త

పెళ్లిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్నవాళ్లను చూశాను. అమ్మాయిని చూడబోయి ఆమె అక్కను చూసి తలూపి వచ్చినవాడు కూడా ఒకడు నాకు తెలుసు. కానీ సొంత మేనత్తను కారులో ఇరికించి, పెళ్లిచూపులను నడివీధిలోకి దించిన ఘనత మాత్రం, నాకు తెలిసినంతలో, ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా నాదొక్కడిదే. ఆ వీధివాళ్లు ఇప్పటికీ నన్ను పేరుతో పిలవరు. "కారాయన వచ్చినాడు" అంటారు. గౌరవంతో అంటున్నారని మీరనుకుంటే మీ మంచితనానికి ఒక దండం.

అసలు తప్పంతా ఆ కారు మొహంలో ఉంది. అప్పుడు నేను ఆదోనిలో మా నాయన పత్తి కొట్టు చూసుకుంటూ ఉండేవాణ్ణి. సంపాదన పరవాలేదు. బుద్ధి ఎట్లుండేదో మీరే చూస్తారు. ఇంటిల్లిపాదీ పట్టే పెద్ద కారు ఒకటి తీసుకొమ్మని నాయన పంపిస్తే, బళ్లారి పోయి చిన్న కారు తెచ్చాను. ఏ కాలందో పేరుపడ్డ పాత కారు ఒకటుంది చూడండి, దాన్ని ముందర పెట్టుకుని అవే గుండ్రటి దీపాలు, అదే బొద్దు వీపు, అవే మెరిసే పట్టీలు వచ్చేటట్టు ఈ కాలంలో తయారు చేసిన బండి అది. లోపలంతా కొత్త. ఏసీ ఉంది, తెర ఉంది, మీట నొక్కితే పాట వస్తుంది. బయట మాత్రం తాతల నాటి మొహం. మీగడ రంగు ఒళ్లు, ఎర్ర టాపు. ముందునుంచి చూస్తే అప్పుడే నిద్రలేచిన పసిబిడ్డలా ఉండేది. చూసీ చూడగానే మనసు పారేసుకున్నాను. దానికి తలుపులు రెండేనన్న సంగతి ఇంటికి తెచ్చాక మా అమ్మ చెప్పింది.

బళ్లారిలో ఒకాయన ముచ్చటపడి కొని, ఏడాది తిరక్కుండానే అమ్మకానికి పెట్టాడు. ఎందుకు అమ్ముతున్నావని అడగాలని నాకు తోచలేదు. వాళ్లింట్లోనూ ఒక మేనత్త ఉండే ఉంటుంది.

ఆదోనిలో ఆ కారు ఎక్కడ ఆపినా ఒకటే ప్రశ్న.

"యాడ దొరికిందప్పా ఈ పాత బండి?"

"పాతది కాదన్నా, కొత్తదే. పాతదాని మాదిరి చేసినారు."

"కొత్తది చేసేవాళ్లు కొత్తదాని మాదిరే చెయ్యొచ్చు కదా?"

"అదొక ఫ్యాషన్ అన్నా."

"అట్లయితే మా ఎద్దులబండికి రంగేసి తెస్తా, కొంటావా?"

కొనేవాణ్ణేమో కూడా. ఆ రోజుల్లో నా వాలకం అట్లాగే ఉండేది.

ఇంతలో ఎమ్మిగనూరు సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు నాగవేణి. వాళ్ల నాయనకు చీరల కొట్టు. ఫోటో చూశాను, నచ్చింది. తర్వాత పెద్దలు సరేనంటే ఒకసారి ఫోనులో మాట్లాడాను. మాట్లాడానంటే ఏముంది, కారు గొప్పలు చెప్పాను. అంతా విని ఆమె, "బండికి ఇన్ని గుణాలుంటే, పెండ్లి దానికి చేస్తాండారా, మీకా?" అని నవ్వింది. ఆ నవ్వు విన్నాక వేరే సంబంధం అనే మాటే నాకు రుచించలేదు. ఈ అమ్మాయి దక్కకపోతే ఎట్లా అని నిజంగా భయం పట్టుకుంది.

ఆ భయానికి పేరు సుంకమ్మత్త. మా నాయనకు అక్క. మనిషి భారీ, మాట ఇంకా భారీ. మా ఇంట్లో ఏ శుభకార్యానికి పోయినా ముందు ఆమె కుడికాలు పెట్టి గడప దాటాలి, ఆ తర్వాతే మిగతావాళ్లం. అంతకు ముందు రెండు సంబంధాలు ఆమె చలవతోనే గడప దాకా పోయి తిరిగొచ్చాయి. ఒకచోట పిల్లి ఎదురైంది. ఇంకోచోట ఆటో దిగుతుంటే ఎడమకాలు ముందు నేలకు ఆనింది. "కాలు తప్పినాది, పదండి" అని అదే ఆటోలో వెనక్కి తిప్పింది. లోపల వాళ్లు మాకోసం వేయించిన బోండాల వాసన మాత్రం సందు చివరిదాకా మమ్మల్ని సాగనంపింది.

ఎమ్మిగనూరుకు శుక్రవారం పోవాలని నిర్ణయించారు. పదిన్నరకు రాహుకాలం. ఆలోపల అత్త గడప దాటాలి. దాటకపోతే నాగవేణి నవ్వు నాకు ఫోను దగ్గరే ఆఖరు.

"బాడుగకు పెద్ద కారు మాట్లాడతా" అన్నాడు నాయన.

"ఇంట్లో ఇంత బండి పెట్టుకొని బాడుగదా నాయనా?"

"ఇంత బండంటే ఎంత బండిరా?"

నాయన మాటల్ని నేను పట్టించుకోలేదు. అమ్మాయి ముందు ఆ కారులోంచి దిగాలని నా కోరిక. దిగడం గురించి ఆలోచించాను గాని, ఎవరెవరు దిగాలి అన్నది ఆలోచించలేదు.

పొద్దున్నే ఎడమ తలుపు తీసి, ముందు సీటు మీట లాగి వంచాను. ఆ సందులోంచి మొదట అమ్మ లోపలికి పోయి, నా సీటు వెనక సర్దుకుంది. తర్వాత అత్త. ఎక్కుతుంటే కుడికాలే ముందు లోపలికి పోయింది. అత్త పొంగిపోయింది. "బండి శుభమైందేరా రాఘూ!" అంది. ఎడమ తలుపున ఎక్కేటప్పుడు కుడికాలు ముందు పోతే, అదే తలుపున దిగేటప్పుడు ఎడమకాలు ముందొస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. మీకూ తట్టి ఉండదు, నన్ను చూసి నవ్వకండి. నాయన నా పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. పత్తి లారీలను దాటుకుంటూ, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని మహారాజుల్లా పోయాం.

నాగవేణి వాళ్ల ఇల్లు మగ్గాల సందులో ఉంది. గడప పక్కనే కారు ఆపాను. నేనూ నాయనా దిగాం. అరుగు మీద నుంచి వాళ్ల తాత, పండు ముసలాయన, లేచి కారు చుట్టూ చూశాడు.

"మా కాలం నాటి బండి! ఇంకా నడుస్తాందా?"

"ఇది కొత్తది తాతా. పాతదాని మాదిరి చేసినారు."

"కొత్తదే అయితే పాతదాని మాదిరి ఎందుకు చేసినారప్పా?"

ఎమ్మిగనూరులోనూ అదే ప్రశ్న! నేను జవాబు వెతుక్కునేలోపు ఆయన లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చాడు. ఎంత మర్యాదైన ఇల్లు అనుకుని, శుభ్రంగా కాళ్లు కడుక్కున్నాను.

"ఆ నీళ్లు బండికప్పా" అన్నాడు తాత. "ఆదోని నుంచి వచ్చింది, ఇంజను కాలి ఉంటాది పాపం."

అంతలో నాగవేణి వాళ్ల నాయన హడావిడిగా బయటకు వచ్చి లోపలికి రమ్మన్నాడు. నేను దర్జాగా ముందు సీటు వంచి, "రా అత్తా" అన్నాను.

అత్త కదిలింది. సందులోంచి ఒక పాదం బయటకు వచ్చింది. ఎడమ పాదం.

"ఆగండి!" అని అత్త అరిచింది. తన కాలిని తానే అరిచి ఆపిన మనిషిని నేను చూడడం అదే మొదలు. ఎడమ పాదం లోపలికి పోయింది. కాసేపు లోపల ఏవో కదలికలు జరిగాయి. తర్వాత ఎడమ మోకాలి పైనుంచి కుడి పాదం బయటకు వచ్చింది. పాదం వచ్చింది గాని దాని వెనక మనిషి రాలేదు.

"రా అత్తా."

"యాడికి రావాల్రా? మోకాలు గడ్డానికి ఆనుకొనుంది."

"అయితే ఎనక్కి పో."

"పోయేదానికైతే పోకుండా ఈడ ఉంటానా?"

లోపలి నుంచి అమ్మ గొంతు సన్నగా వినిపించింది. "వదినా, నీ మోచెయ్యి నా కడుపులో ఉంది."

"ఉండనీలే, కాస్త ఓర్చుకో" అంది అత్త.

నేను చెయ్యి పట్టుకుని లాగాను. నాయన నా నడుము పట్టుకుని లాగాడు. నాగవేణి వాళ్ల నాయన మా నాయనను పట్టుకోవాలా వద్దా అని రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఇంకా వియ్యంకులు కాలేదు కదా, మొహమాటం. మగ్గాల చప్పుడు ఒక్కొక్క ఇంట్లోనే ఆగిపోయింది. వీధి వీధంతా గడపల్లోకి వచ్చింది.

"పోనీ ఎడమకాలే పెట్టు అత్తా. ఏ కాలైతేనేం?"

"ఏ కాలైతేనేమా? పోయినసారి ఏమైందో మర్చిపోతివా? నీ మేలుకోరే కదరా నేను ఇట్ల ముడుచుకొనుండేది!"

అది నిజమే. ఆమె మంకుపట్టంతా నా మీద ప్రేమే. అందుకే నాకు కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది.

వాళ్ల నాయన గొంతు సవరించుకున్నాడు. "అటుపక్క తలుపు నుంచి దించొచ్చేమో కదప్పా?"

"కుదరదు మామా" అన్నాను పెద్ద తెలిసినవాడిలా. "అది డ్రైవరు సీటు. వంగదు. వంగేటట్టు చేస్తే నడిపేటప్పుడు ప్రమాదం అని గట్టిగా బిగించేస్తారు."

ఈ సంగతి నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆ క్షణంలో నా నోటికి తోచింది, నేనే నమ్మేశాను. నా గొంతులో ధీమా చూసి అందరూ నమ్మారు. తాత కూడా తలూపాడు.

ఎట్లాగో కుడికాలు తిరిగి లోపలికి పోయింది. అత్త ఆయాసపడుతూ సీట్లో వాలి, వాచీ చూసుకోమని నాయనకు సైగ చేసింది. పదీ పది. లోపలివాళ్లు ఏం చేస్తారు పాపం, వచ్చినవాళ్లను ఆకలితో ఉంచరాదని బొరుగుల ఉగ్గాని ప్లేటు కారు దగ్గరకే పంపించారు.

"గడప దాటలేదు కాబట్టి తింటే దోషం లేదు" అని అత్త తీర్పిచ్చింది. తిన్నది. "పోపు బాగుంది. ఇంకొంచెం పెట్టమను" అంది. ఇంకొంచెం పెట్టారు. ప్రతి పిడికెడుకూ నేను ఆ తలుపు సందును కళ్లతో కొలిచాను. అంతకు ముందే రాని మనిషి, ఉగ్గాని తిన్నాక ఎట్లా వస్తుంది చెప్పండి!

"పదీ ఇరవై" అన్నాడు నాయన.

"దేవుడు వద్దంటాండాడు" అంది అత్త దిగులుగా. "బండి తిప్పురా రాఘూ. ఇంటికి పోదాం."

నాకు నిజంగానే కళ్ల నీళ్లు తిరిగాయి. తడి కాళ్లకు మట్టి అంటుకుని, చొక్కా గుండీ తెగి, నడివీధిలో నిలబడి ఉన్నాను. సరిగ్గా అప్పుడు నాగవేణి బయటకు వచ్చింది. లోపల చాప మీద తలవంచుకుని కూర్చోవాల్సిన పెళ్లికూతురు, మిరపకాయ బజ్జీల ప్లేటు చేత్తో పట్టుకుని, పట్టుచీరలో గడప దాటి నేరుగా కారు దగ్గరకు వచ్చింది. నన్ను ఒకసారి తల నుంచి కాళ్ల దాకా చూసింది. కాళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు చూసింది. బజ్జీలు నా చేతిలో పెట్టి, కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, డ్రైవరు తలుపు తీసింది.

"పెద్దమ్మా, మీకు కుడికాలు ముందు రావాల. అంతే కదా?"

"అంతేనమ్మా. అంతకన్నా నేనేం అడిగినాను?"

"అట్లయితే ఇటుపక్క దిగండి. ఇటు దిగితే కుడికాలే ముందొస్తాది."

వీధి మొత్తం ఒక్కసారి తన కాళ్లకేసి చూసుకుంది. నిజమే!

"ఆ సీటు వంగదండీ" అన్నాను నేను, బజ్జీల వెనక నుంచి.

"ఎప్పుడన్నా వంచి సూసినారా?"

"...లేదు."

ఆమె సీటు పక్కన చెయ్యి పెట్టి మీట లాగింది. నా డ్రైవరు సీటు, గట్టిగా బిగించేశారని నేను చెప్పిన సీటు, వినయంగా తల వంచుకుని ముందుకు వాలింది. వీధిలో ఎవరో ఈల వేశారు. మా అమ్మ మొదట బయటపడి, గాలి పీల్చుకుని, నాగవేణి చేతులు పట్టుకుని వదల్లేదు. తర్వాత అత్త ఇటుపక్కకు జరిగింది. బయటకు ఒక పాదం వచ్చింది. కుడి పాదం. దాని వెనకే, దేవుడి దయవల్ల, అత్త మొత్తం వచ్చింది.

"బిన్నా రా అక్కా, రాహుకాలం!" అని నాయన అరిచాడు. అత్త ఉగ్గానితో సహా గడప దాటింది. వెనకే మేమంతా, మా వెనక సగం వీధి.

లోపల కూర్చున్నాక పెద్దలు అత్తకేసి చూశారు. అత్త చెమట తుడుచుకుంది.

"పిల్ల నాకు నచ్చినాది. పిల్లోణ్ణి మీరు సూసినారు కదా, ఇంక మీరే ఆలోచించుకోండి."

నేను బజ్జీల ప్లేటు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నానని అప్పుడు గమనించాను. గమనించింది నేనొక్కణ్ణే కాదు. నాగవేణి నన్నూ ప్లేటునూ చూసి నవ్వింది. ఫోనులో విన్న నవ్వే. నా జన్మలో అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

"నాకు సమ్మతమే" అంది ఆమె. "బండి కూడా బాగుంది. నడిపేవాళ్లకు తెలిసుంటే చాలు."

తాత మాత్రం పట్టు వదల్లేదు. "అంతా బాగుంది గాని, కొత్తదాన్ని పాతదాని మాదిరి ఎందుకు చేసినారో ఎవరూ సెప్పకపోతిరే."

"ఇంకెందుకు పెద్దాయనా?" అంది అత్త. "మీ పిల్ల మాకు దొరకనీకే."

అప్పట్నుంచి ఆ కారంటే అత్తకు ప్రాణం. ఎడమ తలుపున ఎక్కుతుంది, కుడి తలుపున దిగుతుంది, రెండుసార్లూ కుడికాలే ముందు. ఇంత శుభమైన బండి జిల్లాలోనే లేదని హొళగుందలో బంధువులకు కూడా చెప్పి వచ్చింది. నడిపేది నాగవేణి. నేను వెనక సీట్లో అత్త పక్కన ఉంటాను. నా కడుపులో ఆమె మోచెయ్యి ఉంటుంది.

అందువల్ల ఇదంతా రాసి, కింద ఇట్లా ప్రతిజ్ఞ చేశాను: "ఆదోని కొండ సాక్షిగా, ఇకమీదట ప్రాణం పోయినా సరే, రెండు తలుపుల కారులో పెళ్లిచూపులకు పోనుగాక పోను."

నాగవేణి నా భుజం మీద నుంచి చదివింది.

"ఏమప్పా," అంది, "నాలుగు తలుపుల కారైతే పోతావా?"