మావయ్యగారి కింది కిటికీ

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసి, కంప్యూటర్లో ప్రోగ్రాములు రాసే ఎడిటర్లో ఏదో నొక్కగానే తను రాసిన ప్రోగ్రామంతా మాయమైపోయిందని ఏడుపుగొంతుతో చెప్పింది. "నువ్వు మూసింది తెర మీది కిటికీనే అమ్మా. రాసింది లోపల బఫర్లో, అంటే కంప్యూటర్ జ్ఞాపకంలో, భద్రంగా ఉంటుంది, పిలిస్తే వస్తుంది" అన్నాను. ఈ మాట నేను మొట్టమొదట చెప్పింది ప్రోగ్రాములు రాసేవాళ్ళకి కాదు, మా మావయ్యగారికి.

రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసి, రిటైరయ్యేక రాయగడలో ఉండిపోయిన మనిషి. కొరాపుట్ లైన్లో సొరంగాల కబుర్లు ఎత్తుకుంటే పొయ్యి మీద పప్పు మాడేదాకా వదిలేవారు కాదట. నేను కాపురానికి వచ్చిన కొన్నాళ్ళకే ఆ గొంతులోంచి గడ్డ తీసి, ముక్క పరీక్షకి పంపేరు. గొంతు మానేదాకా నోరు విప్పకూడదన్నారు డాక్టర్లు. పలక ఇస్తే, నేనేమైనా బడిపిల్లడినా అన్నట్టు చూసేరు. ఫోన్ మీద ఆయన లావు వేళ్ళకి ఒక అక్షరం నొక్కితే ఇంకోటి పడేది. ఇంటినుంచే పనిచేసే నేను, ధైర్యం చేసి ఎడిటర్ని రెండు కిటికీలుగా చీల్చేను. పైది నా పనికి, కిందిది ఆయన మాటలకి. ఒక పాత కీబోర్డు తగిలించి ఆయన ముందు పెట్టేను. ఆయన బల్ల తట్టితే నేను కర్సర్ని కిందకి దించాలి. తట్టడం మర్చిపోయేరా, నా ప్రోగ్రాం మధ్యలో "వంకాయలు ముదిరిపోయేయి" అని పడేది.

అప్పటిదాకా ఎదురుపడితే తప్పుకుపోయేవాళ్ళం, పక్కపక్కన కూర్చోవడం మొదలెట్టేం. "అమ్మీ, మీ అత్త అంబలిలో ఉప్పెయ్యలేదు. నాను సెప్పేనని సెప్పకు" అని టైపు కొట్టేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన చాలాసేపు ఏదో కొట్టేరు. అంతలో ఆఫీసు ఫోన్ వస్తే, కంగారులో కింది కిటికీ మూసేసేను. ఆయన మొహం పాలిపోయింది. నోరు తెరవబోయేరు.

"మాటాడకండి మావయ్యా! పోలేదు, ఉంది" అంటూ ఆ బఫర్ని మళ్ళీ పిలిచేను. ఆయన కొట్టింది తెర మీదకి వచ్చింది.

"అమ్మీ, రిపోటు బాగోలేపోతే మీ అత్తకి నువ్వే మెల్లిగా సెప్పాల. నాకు బయమేస్తంది."

ఆ మాట ఆయన ఇంట్లో ఎవరితోనూ అనలేదు. దాని కింద, "నాకూ భయమే మావయ్యా. రిపోర్టుకి నేనూ వస్తాను" అని రాసేను. చదివి, నా తల మీద చెయ్యి పెట్టేరు.

రిపోర్టు బాగానే వచ్చింది. గొంతు కూడా వచ్చింది, కాస్త బొంగురుగా. వీధిలో వినేవాళ్ళు బోలెడుమంది, ఇంక ఆయనకి నా పక్క కుర్చీతో పనేముంది? సంతోషించాల్సిన సంగతే, సంతోషించేను కూడా. ఆ రోజులు ఎప్పుడు గడుస్తాయా అని ఇంటిల్లిపాదీ దణ్ణాలు పెట్టుకున్నాం. తీరా గడిచేక, వాటిలో ఒక్క మధ్యాహ్నమైనా నాకు ఉంచేసి పోకూడదా అనిపిస్తుంది.