లేని కాలువకు రెండు ఒడ్లు

మా మామయ్య ముప్పై రెండేళ్ళు నీళ్ళ శాఖలో వాల్వులు తిప్పాడు. ఏ వీధికి ఎప్పుడు నీళ్ళు వదలాలో ఆయన చేతిలో ఉండేది కాబట్టి, పెద్ద ఆఫీసర్లకన్నా ఆయనకే నమస్కారాలెక్కువ. కోపం కూడా ఎక్కువే. నాకు కాస్త వచ్చిందంటే అది మేనమామ పోలికే.

ఈసారి నియోజకవర్గాల హద్దులు ఎమ్మెల్యేలు కాకుండా వేరే సంఘం గీస్తుందని చట్టం వచ్చినప్పుడు అందరికంటే సంబరపడింది ఆయనే. ఇన్నాళ్ళూ తమకు ఓట్లు పడే వీధుల్ని ఏరుకున్నవాళ్ళ చేతిలోంచి పెన్సిలు పోయింది కదా! కానీ వాళ్ళు ఊరుకుంటారా? బడ్జెట్‌లో లోటుందని చెప్పి సంఘానికి సర్వే నిధులు కోసేశారు. వాళ్ళ కార్లకు మాత్రం ఏ లోటూ రాలేదు. సంఘం చేసేది లేక పాత మ్యాపులు ముందేసుకుని కూర్చుంది.

ముసాయిదా వచ్చిన రోజు నేనే చదివి వినిపించాను. కాలువకు తూర్పున ఉన్న ఇళ్ళు ఒక నియోజకవర్గం, పడమటివి మరొకటి.

"మన కాలనీలో కాలువెక్కడుందే?" అన్నాడు మామయ్య.

నిజమే, మాకు వాన నీళ్ళు పోవడానికే దారి లేదు. మ్యాపు చూపించాను. అందులోని నీలం గీతను చూడగానే ఆయన మొహం పాలిపోయింది.

"ఇది నా గీత."

ఇదంతా ఖాళీ స్థలంగా ఉన్న రోజుల్లో, మెయిన్ పైపు ఎక్కడ పాతారో గుర్తుండాలని ఆయనే మ్యాపు మీద నీలం పెన్సిలుతో గీశాడట. దాన్నే సంఘం కాలువనుకుంది. పైపు పాతాక దాని మీద ఇళ్ళు లేచాయి. మా ఇల్లూ అంతే.

"అయితే నా వంటింట్లో పొయ్యి ఎటు, బిందె ఎటు?" అంది అత్తయ్య.

"పొయ్యి ఇటు, బిందె అటు."

"బాగుందండీ! ఒక నియోజకవర్గంలో వండి, మీకు ఇంకోదాంట్లో వడ్డించాలన్నమాట!"

నేను పడీపడీ నవ్వాను. మామయ్య నవ్వలేదు. పధ్నాలుగు వందల ఓట్లు ఒక్కచోట ఉన్నాయి కాబట్టే ఇన్నేళ్ళూ పోట్లాడి కాలనీకి ఆసుపత్రి తెచ్చుకున్నాం. సగం అటూ సగం ఇటూ పోతే మమ్మల్ని పట్టించుకునే నాథుడుండడు. అదీ తన చేతి గీత వల్ల. రెండు రోజులు ఆయనకు అన్నం సయించలేదు.

అభ్యంతరాలు వినడానికి సంఘం మా స్కూలు హాల్లోనే కూర్చుంది. అధ్యక్షుడు రిటైరైన జడ్జి, మర్యాదస్తుడే. మామయ్య చెప్పిందంతా విని, "తప్పు జరిగిందనే అనుకుందాం. మళ్ళీ కొలిపించడానికి మా దగ్గర నిధుల్లేవు. అర్జీ ఇచ్చి వెళ్ళండి" అన్నాడు.

నేను కూర్చుని టైపు చేసిన అర్జీ నా చేతిలోనే ఉంది. మామయ్య దానివైపు చూడనేలేదు. బోర్డు దగ్గర సుద్దముక్క తీసుకుని బయటికి నడిచాడు. గుమ్మం ముందున్న వాల్వు గుంత మీద కాలుపెట్టి, అక్కణ్ణుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ లోపలికొచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద గీత గీసుకుంటూ పోయాడు. జనం కుర్చీలు జరుపుకున్నారు.

"ఏంటండీ ఇది? లేవండి!" అని గుమాస్తా అరిచాడు.

గీత ఆగలేదు. అధ్యక్షుడి బల్ల కిందికి దూరి, ఆయన రెండు బూట్ల మధ్య నుంచి వెళ్ళి వెనక గోడకు తగిలింది.

మామయ్య మోకాళ్ళు దులుపుకుని లేచాడు. "అయ్యా, మీ కాగితంలో ఉన్న కాలువ ఇదే. మీ కుడికాలు ఒక నియోజకవర్గంలో ఉంది, ఎడమకాలు ఇంకోదాంట్లో ఉంది. అర్జీ ఏ కాలి దగ్గర పెట్టమంటారు?"

హాలంతా గొల్లుమంది. అధ్యక్షుడు తలవంచి కిందికి చూసుకున్నాడు.

"ఆ గీత గీసింది నేనేనండీ. అందరికీ నీళ్ళు రావాలని గీశాను. దాంతో మావాళ్ళని చీలుస్తామంటే నేనొప్పుకోను. నిధుల్లేవంటారా? నేను కొలుస్తాను, నాకు కూలి వద్దు. కొలిచేదాకా ఇక్కణ్ణుంచి కదలం!"

అత్తయ్య వెళ్ళి గీత మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె వెనక పాలాయన, దర్జీ, టీచరమ్మ కూర్చున్నారు. అర్జీ మడిచి నేనూ కూర్చున్నాను. చూస్తూండగానే మనుషుల కింద గీత కనపడకుండా పోయింది.

మామయ్య జేబులోంచి కొలతల టేపు తీసి, దాని కొస అధ్యక్షుడి ముందు పెట్టాడు. "పట్టుకోండయ్యా."

ఆయన ఎడమకాలు తీసి కుడికాలి పక్కన పెట్టుకుని లేచాడు. టేపు అందుకున్నాడు.