ఉల్లిపాయల బాయిలరు

మా ఊళ్ళో హెడ్లీ సైక్స్ పేరెత్తితే ఎవరైనా ముందు ఉల్లిపాయ గురించి చెబుతారు, తర్వాతే మనిషి గురించి. హడర్స్‌ఫీల్డ్ పక్కన ఉన్ని మిల్లులో ముప్ఫయ్యేళ్ళు మగ్గాలు బాగుచేసి రిటైరయ్యాడు. డెబ్భై దాటిన పొట్టి మనిషి, ఎండాకాలంలో కూడా తలమీది గుడ్డ టోపీ తియ్యడు. సెప్టెంబరులో మా క్లబ్బు హాల్లో జరిగే కూరగాయల పోటీలో వరసగా ఆరేళ్ళు ఉల్లిపాయకు మొదటి బహుమతి అతనిదే. ఒక్కో గడ్డ నెలలు నిండి పుట్టిన బిడ్డకంటే బరువు తూగేది. ఆ ఆరేళ్ళూ రెండో బహుమతి నాది. నా పేరు నెవిల్ బూత్. ఇళ్ళలో నీళ్ళు కాచే గ్యాసు బాయిలర్లు బాగుచెయ్యడం నా వృత్తి. గొడవంతా ఇక్కడే వచ్చింది, ఎందుకంటే హెడ్లీ ఇంట్లో బాయిలరు చూసేది కూడా నేనే.

ఆ బాయిలరు వాళ్ళ వంటింటి మూల ఇనప్పెట్టెలా నిలబడి ఉండేది. అక్కణ్ణించి పైకి పోయిన గొట్టాలు మేడమీద చిన్న అలమరలో ఉన్న రాగి నీళ్ళ ట్యాంకును వేడిచేసేవి. ఎవరింట్లోనైనా ఆ అలమరలో తువ్వాళ్ళు, దుప్పట్లు ఆరబెట్టుకుంటారు. హెడ్లీ మాత్రం క్రిస్మస్ మర్నాడు ఉల్లి విత్తనాలు నాటి, ఆ ట్రే అందులో పెట్టి తలుపేసేవాడు. ట్యాంకు తొడుగు చిరిగి వేడంతా బయటికి పోతోందయ్యా అంటే, పోనీ, పోయేది నా ఉల్లి దగ్గరికేగా అనేవాడు. మొలకలొచ్చాక లోపలే ట్యూబులైటు వేలాడదీసేవాడు. బయట మంచు కురుస్తుంటే లోపల వాటికి నడివేసవి. ఆ తలుపు ఎవరు తెరిచినా ఊరుకునేవాడు కాదు. కట్టుకున్న భార్య కూడా తువ్వాళ్ళు కుర్చీల మీద ఆరేసుకోవలసిందే.

ఆ భార్య ఆడ్రీ. మా అమ్మ స్నేహితురాలు, చిన్నప్పట్నించీ నాకు ఆంటీ. పోటీ అయ్యాక గెలిచిన ఉల్లిపాయ ఆమె చేతికి వెళుతుంది. పందెపు ఉల్లి నిజానికి చప్పటి సరుకు. దాన్నే ఆవిడ వెన్నలో ఎర్రగా వేయించి, చీజు కలిపి, మీద పిండి మూత వేసి 'పై' అనే వంటకం కాలిస్తే క్లబ్బంతా వాళ్ళింటి ముందు వరసకట్టేది. హెడ్లీకి మేం కొట్టే చప్పట్లలో సగం ఆ పై కోసమే.

బాయిలరు మొరాయించడం మొదలై నాలుగేళ్ళయింది. ఒకసారి పంపు పోయింది, ఇంకోసారి వాల్వు. ఆ మోడలు సామాన్లు దొరకడం మానేసి చాలాకాలమైంది కాబట్టి వేరేవాళ్ళ ఇళ్ళలో పీకి పారేసిన బాయిలర్లలోంచి తెచ్చి తగిలించేవాణ్ణి. ఆడ్రీ కొత్తది కావాలని పోరేది. కొత్తవి గోడకు వేలాడతాయి, కుళాయి తిప్పగానే నీళ్ళు కాచి ఇస్తాయి. ట్యాంకు అక్కర్లేదు. ట్యాంకు లేకపోతే అలమరలో వేడీ లేదు. మొలకల కింద పరిచే కరెంటు చాప కొనుక్కోమని, నేనూ అదే వాడుతున్నానని ఒకసారి చెప్పి చూశాను. బజార్లో ఉల్లిపాయ కొని పోటీలో పెట్టమన్నట్టు చూశాడు. పైగా అందుకే నువ్వు రెండో స్థానంలో ఉన్నావన్నాడు.

నా ఇరకాటం చూడండి. మార్చమంటే, పందెం గెలవడానికి పన్నాగం అంటారు. క్లబ్బు కార్యదర్శి డెనిస్ కనబడినప్పుడల్లా, హెడ్లీ బాయిలరుకి ఎప్పుడు మంగళం పాడుతున్నావని అడిగేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి గానీ లోపల మండేది. దాంతో నాకొక యావ పట్టుకుంది, పోటీదారుడైనా నెవిల్ నికార్సయిన మనిషి అనిపించుకోవాలని. ఇంకెవరింట్లోనైనా రెండేళ్ళ క్రితమే ఇది పనికిరాదని తేల్చిపారేసేవాణ్ణి. హెడ్లీ ఇంట్లో మాత్రం బాగుచేస్తూ పోయాను. పోయిన అక్టోబరులో చూసినప్పుడు మంట నీలంగా ఉండాల్సింది కొసన పచ్చబడింది. శుభ్రం చేశాను, కాస్త నయమైంది. పొగలో విషవాయువు కొలిచే మీటరు పెట్టి చూస్తే అంకె హద్దులోనే ఉంది గానీ ముందటేడు కంటే పెరిగింది. చెప్పాల్సింది. చెప్పలేదు. వసంతం దాకా ఢోకా లేదని చెప్పి, టీ తాగి వచ్చేశాను.

జనవరి రెండోవారంలో ఆడ్రీ ఫోను చేసింది, వేడినీళ్ళు రావడం లేదని. వెళ్ళేసరికి టీ కలిపి ఉంచింది. నేను సంచీలోంచి సామాను తీస్తుంటే ఏవేవో కబుర్లు చెబుతోంది. నవంబరు నించీ ఒకటే తలనొప్పిట. కొత్త సంవత్సరానికి స్కార్‌బరోలో చెల్లెలి దగ్గర నాలుగు రోజులుంటే చేత్తో తీసేసినట్టు పోయిందిట. ఇంటికొచ్చిన సాయంత్రమే మళ్ళీ మొదలు.

"నలభయ్యయిదేళ్ళు కాపురం చేశాక ఇప్పుడు తెలిసింది నాయనా, నాకీయన పడడని" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. తలెత్తి గోడవైపు చూశాను. విషవాయువు వస్తే అరిచే చిన్న పరికరం రెండేళ్ళ క్రితం నేనే అక్కడ బిగించాను. దాని మూత తెరిచి ఉంది, లోపల బ్యాటరీ లేదు. ఉల్లిపాయలు తూచే త్రాసుకి కావాలని హెడ్లీ తీసుకున్నాడట.

బాయిలరు రేకు విప్పాను. చుట్టూ మసి. వెలిగించి చూస్తే మంట మొత్తం పచ్చగా, సోమరిగా ఊగుతోంది. మీటరు మీద అంకె హద్దుకి ఎన్నో రెట్లు దాటిపోయింది. టార్చి వేసి లోపలికి చూస్తే పోత ఇనుములో వెంట్రుకంత పగులు. వాసన రాని, కంటికి కనబడని గాలి అది. తలనొప్పితో మొదలుపెట్టి, ఒకరోజు నిద్రలేవనివ్వదు. గ్యాసు కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, బాయిలరు మీద ప్రమాదమని ఎర్ర చీటీ అంటించాను.

చలిగాలి పైదాకా వెళ్ళినట్టుంది, హెడ్లీ గబగబా మెట్లు దిగి వచ్చాడు.

"ఏం చేశావురా?"

"ఆపేశాను పెద్దాయనా. ఇంక రిపేరు లేదు, మార్చాల్సిందే."

"మొలకలొచ్చి నాలుగు రోజులే అయింది."

"తెలుసు."

అతను ఎర్ర చీటీ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "అక్టోబరులో ఢోకా లేదన్నావు. సరిగ్గా మొలకలొచ్చే వేళకి పనికిరాదంటున్నావు. ఈ మాట ఇంకెవడు చెప్పినా నమ్మేవాణ్ణిరా."

నాలుగేళ్ళుగా ఏ మాటకు భయపడ్డానో ఆ మాట పడనే పడింది. చిత్రంగా, పడ్డాక భయం పోయింది.

"ఇంకొకణ్ణి పిలిపించుకో. వాడు వెలిగించమంటే వెలిగించుకో. వాడొచ్చేదాకా ఆంటీ మాత్రం ఈ ఇంట్లో ఉండకూడదు" అని, ఆ తలనొప్పి ఎక్కణ్ణించి వస్తోందో చెప్పాను. "అక్టోబరులోనే చెప్పాల్సింది. క్లబ్బులో నన్నేమంటారోనని నోరు మూసుకున్నాను. తప్పు నాది."

హెడ్లీ గోడమీది ఖాళీ డబ్బా వైపు చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"తలనొప్పని నాకు చెప్పలేదేం?"

"రోజూ చెబుతూనే ఉన్నా. నువ్వా అలమరలో తల దూర్చుకుని ఉంటే నీకేం వినబడుతుంది?" అంది ఆడ్రీ. తర్వాత ఇద్దర్నీ తేరిపార చూసి, "ఒకడు ఉల్లిపాయల కోసం, ఇంకొకడు పరువు కోసం. ఇద్దరూ కలిసి నాకు పొగబెట్టారన్నమాట" అంది. నవ్వుతూనే అంది గానీ, తాగుతున్న టీ అలాగే వదిలేసి లేచింది.

హెడ్లీ టోపీ తీసేశాడు. అతని బట్టతల నేను చూడడం అదే మొదటిసారి. ఆవిడకు కోటు తొడిగి గుండీలు పెట్టాడు. ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తం పరీక్షించి, వేళకి వచ్చారు కాబట్టి సరిపోయిందన్నారు. అక్కణ్ణించి తిన్నగా మా ఇంటికే తీసుకొచ్చాను. చీకటిపడే ముందు హెడ్లీ మా ఎదురుగానే ఉన్న తన ఇంటికి వెళ్ళి, కోటు కింద దాచుకుని ఒక ట్రే తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీ వాటి పక్కన పెట్టు" అన్నాడు.

ఆరేళ్ళు ఎవరికీ చూపించని ట్రే అది. వంగి చూశాను, ఏం రహస్యముందోనని. నా మొలకల్లాగే ఉన్నాయి, సన్నగా, దారప్పోగుల్లా, నడుం వంచుకుని.

పది రోజులు మా ఇంట్లో ఉన్నారు. మూడోరోజుకే ఆడ్రీ తలనొప్పి పోయింది. దాని బదులు మా ఆవిడకు పట్టుకుంది, హెడ్లీ గంటకోసారి వచ్చి కరెంటు చాప మీద చెయ్యిపెట్టి పెదవి విరుస్తుంటే. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ ట్రే ముందు నిలబడ్డాను. పక్కన కిటికీ రెక్క కాస్త తెరిచి మరిచిపోతే చాలు, ఏడో ఏడు నాది. తియ్యలేదు. తియ్యాలనిపించలేదని మాత్రం అబద్ధమాడను. ఇంకొకణ్ణి పిలిపించే ఊసు హెడ్లీ మళ్ళీ ఎత్తలేదు. కొత్త బాయిలరు నేనే బిగించాను. మేడమీది అలమరలో ఆడ్రీ దర్జాగా దుప్పట్లు సర్దుకుంది.

సెప్టెంబరులో పోటీ జరిగింది. త్రాసు మీద నా ఉల్లిపాయ హెడ్లీదానికంటే అరకిలో ఎక్కువ తూగింది. డెనిస్ మైకు పట్టుకుని, హెడ్లీ బాయిలరు ఆపితే గానీ నెవిల్ గెలవలేకపోయాడని ప్రకటించాడు. హాలంతా గొల్లుమంది. నా చెవులు వేడెక్కాయి. హెడ్లీ తన ఉల్లిపాయను చంటిబిడ్డలా రెండు చేతుల్లో పెట్టుకుని ముందుకొచ్చాడు.

"నిజమే" అన్నాడు. "వీడా బాయిలరు ఆపకపోతే ఈసారీ మొదటి బహుమతి నాదే. ఇంటికెళ్ళి, దీన్ని ముందు పెట్టుకుని, పై చేసేవాళ్ళు లేక, ఒక్కణ్ణే కూచునేవాణ్ణి."

నవ్వు ఆగిపోయింది. డెనిస్ మైకు కిందపెట్టేశాడు.

ఆడ్రీ వచ్చి నా ఉల్లిపాయను ఎత్తి సంచీలో వేసుకుంది. "రేపు నాలుగింటికి రా. ఆలస్యమైతే మిగలదు" అంది.